ఉన్నత పాఠశాలల్లో ఆంగ్ల శ్రవణ, పఠన నైపుణ్యాల మూల్యాంకనం: హుస్సేనీ ఆలం నేపథ్యంలో ఒక పరిశీలన

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: పదవ తరగతి ఆంగ్ల పరీక్షలో ఉత్తీర్ణత పొందిన విద్యార్థినికి, ఆంగ్లంలో చెప్పిన పాఠం వినగానే అర్థమవుతుందా? కొత్త పుస్తకంలోని ఒక పుటను చదివి తనంతట తాను సారాంశం గ్రహించగలదా? మార్కుల జాబితాను చూసి ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడం సాధ్యం కాదు. ఆ జాబితాలో ఆంగ్లానికి ఒకే అంకె ఉంటుంది. విన్నది ఎంత, చదివినది ఎంత, కంఠస్థం చేసి రాసినది ఎంత అన్న విభజన అందులో కనిపించదు.

రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం పదవ తరగతి వరకు విస్తరించిన నేపథ్యంలో ఈ విభజన ప్రాధాన్యం సంతరించుకుంది. ఆంగ్లం ఒక పాఠ్యాంశంగా మాత్రమే ఉన్నప్పుడు వినికిడిలో లోపం ఆ ఒక్క సబ్జెక్టుకే పరిమితమయ్యేది. బోధనా మాధ్యమమే ఆంగ్లమైనప్పుడు ఆ లోపం గణితం, సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం వరకు వ్యాపిస్తుంది. ఈ అంశాన్ని హైదరాబాద్ పాతబస్తీలోని హుస్సేనీ ఆలం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని, పాత్రికేయులకు, విద్యాశాఖ అధికారులకు ఉపయోగపడే రీతిలో ఈ వ్యాసం వివరిస్తుంది.

హుస్సేనీ ఆలం: ఒకే పేటలో మూడు మెట్లు

చార్మినార్ నుంచి లాడ్ బజార్ మీదుగా పడమరకు సాగి, మహబూబ్ చౌక్ దాటితే హుస్సేనీ ఆలం వస్తుంది. ఆ దారి మరికొంత ముందుకు సాగి, 1578లో కుతుబ్ షాహీల కాలంలో నిర్మితమైన పురానాపూల్ వైపు వెళుతుంది. ఇక్కడి ఆషుర్‌ఖానాలోని ఆలం పేరిట ఈ పేటకు ఆ పేరు స్థిరపడింది. పైగా ప్రభువులలో ఒకరైన ఖుర్షీద్ జా బహదూర్ దేవిడీ కూడా ఈ ప్రాంతంలోనిదే.

విద్యారంగం దృష్ట్యా ఈ పేటకు ఒక విశేషం ఉంది. బాలికల ప్రభుత్వ ఉన్నత పాఠశాల, బాలికల ప్రభుత్వ జూనియర్ కళాశాల, మహిళల ప్రభుత్వ డిగ్రీ కళాశాల మూడూ హుస్సేనీ ఆలం పేరుతోనే ఉన్నాయి. ఇల్లు దాటి దూరం పంపడానికి వెనుకాడే కుటుంబాల ఆడపిల్లలకు ఆరవ తరగతి నుంచి పట్టా వరకు నడక దూరంలో చదువు లభించడం పాతబస్తీలో చిన్న విషయం కాదు. అయితే ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు ఎక్కేటప్పుడు ఆంగ్లం విషయంలో విద్యార్థినులు ఎదుర్కొనే పరీక్ష స్వరూపమే మారిపోతుంది. ఆ మార్పు గురించి ముందు భాగంలో వివరంగా తెలుసుకోవచ్చు.

ఈ ప్రాంతంలో అధిక శాతం ఇళ్లలో వినిపించే భాష ఉర్దూ. తెలుగు మాట్లాడే కుటుంబాలు కూడా ఇక్కడ తరతరాలుగా నివసిస్తున్నాయి. 2017లో చేసిన చట్ట సవరణ ద్వారా తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయింది. 2018 నాటి చట్టం ద్వారా రాష్ట్రంలోని పాఠశాలల్లో తెలుగు బోధన తప్పనిసరి అయింది. ఉర్దూను ప్రథమ భాషగా చదివే బాలిక సాధారణంగా తెలుగును ద్వితీయ భాషగా, ఆంగ్లాన్ని తృతీయ భాషగా అభ్యసిస్తుంది. అంటే కుడి నుంచి ఎడమకు సాగే ఒక లిపిని, ఎడమ నుంచి కుడికి సాగే రెండు లిపులను ఏకకాలంలో నేర్చుకుంటుంది. ఇన్ని భాషలను మోస్తున్న బాలికకు ఏ నైపుణ్యంలో సాయం కావాలో తెలుసుకోకుండా, కేవలం "ఆంగ్లంలో బలహీనం" అని ముద్ర వేయడం సమంజసం కాదు.

మాధ్యమం మార్పు: కాలక్రమం

బోధనా మాధ్యమం గురించిన చర్చ హైదరాబాదుకు కొత్తది కాదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను అందించింది. అందుకోసం అనువాద విభాగం కూడా ఏర్పాటైంది. అయినప్పటికీ ఆంగ్లాన్ని ఒక తప్పనిసరి పాఠ్యాంశంగా కొనసాగించారు. 1948 తరువాత విశ్వవిద్యాలయంలో ఆంగ్ల మాధ్యమం వచ్చింది. 1958లో ఆంగ్ల ఉపాధ్యాయుల శిక్షణ కోసం కేంద్ర ప్రభుత్వం ఇదే నగరంలో కేంద్రీయ ఆంగ్ల సంస్థను నెలకొల్పింది. ఆ సంస్థ 1972లో ఆంగ్ల, విదేశీ భాషల కేంద్రీయ సంస్థగా పేరు మార్చుకుని, 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా రూపొందింది. ఆంగ్ల బోధన, భాషా పరీక్షల రూపకల్పనలో దేశానికి నిపుణులను అందించిన సంస్థ హుస్సేనీ ఆలం ఉన్న నగరంలోనే ఉందన్నది గమనార్హం.

పాఠశాల స్థాయిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2008-09లో "సక్సెస్" పథకం కింద ఎంపిక చేసిన ఉన్నత పాఠశాలల్లో ఆరవ తరగతి నుంచి ఆంగ్ల మాధ్యమ తరగతులను ప్రారంభించింది. తెలంగాణలో 2022 జనవరిలో మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం మేరకు, 2022-23 విద్యా సంవత్సరంలో ప్రభుత్వ పాఠశాలల్లో 1 నుంచి 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమం విస్తరించింది. విద్యార్థులు తడబడకుండా ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ఉండేలా ద్విభాషా పాఠ్యపుస్తకాలను ముద్రించారు. 2023-24లో తొమ్మిదవ తరగతికి, 2024-25లో పదవ తరగతికి ఈ విధానం చేరింది.

ఎనిమిదవ తరగతిలో మాధ్యమం మారిన విద్యార్థి మూడేళ్లలో పబ్లిక్ పరీక్ష రాయవలసి వచ్చింది. పుటకు ఎదురుగా మాతృభాషా పాఠం ఉండటం వల్ల చదివేటప్పుడు కొంత ఆసరా దొరుకుతుంది. ఉపాధ్యాయుడు ఆంగ్లంలో మాట్లాడుతున్నప్పుడు అటువంటి ఎదురు పుట ఏదీ ఉండదు. విన్న మాట విన్న క్షణంలోనే అర్థం కావాలి. కనుక మాధ్యమం మార్పు విజయవంతం కావాలంటే ముందుగా గమనించవలసినది శ్రవణ నైపుణ్యమే.

ప్రస్తుత పరీక్ష దేనిని కొలుస్తుంది?

నిరంతర సమగ్ర మూల్యాంకన విధానాన్ని 2014-15లో పదవ తరగతికి వర్తింపజేశారు. ఈ విధానంలో ప్రతి సబ్జెక్టుకు 80 మార్కులు రాత పరీక్షకు, 20 మార్కులు పాఠశాల స్థాయి నిర్మాణాత్మక మూల్యాంకనానికి కేటాయించారు. ఆ 20 మార్కులు భాగస్వామ్యం-ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అనే నాలుగు సాధనాలకు అయిదేసి చొప్పున చెందుతాయి. తెలంగాణలో 2022 పరీక్షల నుంచి ఆంగ్లానికి రెండు పేపర్ల స్థానంలో ఒకే పేపరు వచ్చింది. 2024 నవంబరులో అంతర్గత మార్కులను తొలగించి 100 మార్కులకు రాత పరీక్ష జరపాలని నిర్ణయించిన ప్రభుత్వం, అనంతరం ఆ విద్యా సంవత్సరానికి దానిని వాయిదా వేసింది.

రాష్ట్ర పాఠ్య ప్రణాళికలో ఆంగ్లానికి నిర్దేశించిన విద్యా ప్రమాణాలలో శ్రవణ, భాషణలు ముందు వరుసలో ఉన్నాయి. ఆ తరువాత పఠనావగాహన, పదజాలం, వ్యాకరణం, రచనా నియమాలు, సృజనాత్మక వ్యక్తీకరణ వస్తాయి. పాఠ్యపుస్తకాలలో వినికిడికి ఉద్దేశించిన కృత్యాలు కూడా ఉన్నాయి. ఉపాధ్యాయుడు ఒక భాగాన్ని బిగ్గరగా చదవాలి. విద్యార్థులు పుస్తకం మూసి విని, ప్రశ్నలకు సమాధానం ఇవ్వాలి. పబ్లిక్ పరీక్ష మాత్రం పూర్తిగా రాత పరీక్ష. అందులో చదివి సమాధానం రాసే ప్రశ్నలు ఉంటాయి గాని, విని సమాధానం రాసే ప్రశ్న ఒక్కటీ ఉండదు.

పరీక్షలో లేనిది తరగతిలో క్రమంగా కనుమరుగవుతుందన్నది విద్యారంగంలో అందరికీ తెలిసిన సత్యం. జనవరి వచ్చేసరికి పునశ్చరణ తరగతులు మొదలవుతాయి. మార్కులు రాని కృత్యానికి సమయం కేటాయించడం ఏ ఉపాధ్యాయునికైనా కష్టమే. ఇందులో ఉపాధ్యాయుని తప్పు కన్నా పరీక్ష స్వరూపం పాత్రే ఎక్కువ. పరీక్ష అడిగినదే బోధన ఇస్తుంది.

పఠనానికి సంబంధించి కూడా ఒక జాగ్రత్త అవసరం. పాఠ్యపుస్తకం నుంచే భాగాన్ని ఇచ్చి ప్రశ్నలు అడిగినప్పుడు, విద్యార్థి దానిని అప్పటికే చాలాసార్లు చదివి ఉంటుంది, గైడులో సమాధానాలు చూసి ఉంటుంది. ఆ ప్రశ్న ఆమె జ్ఞాపకశక్తిని కొలుస్తుంది. ముందెన్నడూ చూడని భాగాన్ని ఇచ్చినప్పుడే పఠన నైపుణ్యం బయటపడుతుంది. ఈ రెండు రకాల ప్రశ్నలకు వచ్చిన మార్కులను ఒకే మొత్తంగా కలిపినప్పుడు, 35 మార్కులతో ఉత్తీర్ణులైన ఇద్దరు విద్యార్థినుల మధ్య ఎంత తేడా ఉందో తెలియకుండా పోతుంది.

జాతీయ సర్వేలు చెప్పేవి, చెప్పనివి

జాతీయ సాధన సర్వే 2021 నవంబర్ 12న దేశవ్యాప్తంగా 3, 5, 8, 10 తరగతులకు జరిగింది. పదవ తరగతిలో ఆంగ్లాన్ని ప్రత్యేక సబ్జెక్టుగా పరీక్షించారు. 500 స్కేలు మీద ఆంగ్లంలో జాతీయ సగటు 277 కాగా, గణితంలో 216, సామాన్య శాస్త్రంలో 206గా నమోదైంది. ఈ అంకెలను ఉటంకించేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవలసి ఉంటుంది. మొదటిది, ఇది బహుళైచ్ఛిక ప్రశ్నలతో కాగితం మీద జరిగిన పరీక్ష. ఆంగ్లంలో ఇది పఠనానికి సంబంధించిన చిత్రాన్నే ఇస్తుంది, వినికిడి గురించి ఏమీ చెప్పదు. రెండవది, ఇది నమూనా సర్వే. ఒక పాఠశాలకో, ఒక పేటకో ర్యాంకు ఇచ్చేందుకు ఉద్దేశించినది కాదు.

2024 డిసెంబర్ 4న జరిగిన "పరఖ్" రాష్ట్రీయ సర్వేక్షణ్ 3, 6, 9 తరగతులకు పరిమితమైంది. పదవ తరగతి అందులో లేదు. కనుక 2021 అంకెలను, 2024 అంకెలను పక్కపక్కన పెట్టి "పెరిగింది", "తగ్గింది" అని రాయడం సరికాదు.

స్వచ్ఛంద రంగంలో వెలువడే "అసర్" నివేదికలను పత్రికలు తరచుగా ఉదహరిస్తుంటాయి. 2023లో 14 నుంచి 18 ఏళ్ల వయసువారిపై జరిపిన అసర్ సర్వేలో 57.3 శాతం మంది ఆంగ్ల వాక్యాలను చదవగలిగారు. చదవగలిగినవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది మాత్రమే వాటి అర్థం చెప్పగలిగారు. పైకి చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు అన్న విషయాన్ని ఈ ఒక్క వివరమే స్పష్టం చేస్తుంది. అయితే ఇది గ్రామీణ ప్రాంతాల సర్వే. హైదరాబాద్ నగరం దీని పరిధిలోకి రాదు. పాతబస్తీ పాఠశాలల గురించి రాసేటప్పుడు ఈ శాతాలను ఇక్కడి విద్యార్థులకు అంటగట్టకూడదు.

మొత్తం మీద ఈ మూడు సర్వేలలో ఏదీ హుస్సేనీ ఆలం బాలిక ఆంగ్లంలో విన్నది ఎంత గ్రహిస్తుందో కొలవలేదు. ఆ పని పాఠశాల స్థాయిలో జరగవలసినదే.

శ్రవణ నైపుణ్యం: కొలిచే విధానం

వినికిడి పరీక్ష అనగానే భాషా ప్రయోగశాల, ఖరీదైన పరికరాలు అవసరమని భావించడం పరిపాటి. నిజానికి స్పష్టంగా చదివే ఉపాధ్యాయుడు, లేదా ముందుగా రికార్డు చేసిన ఒక శబ్ద ఫైలు, ఒక స్పీకరు ఉంటే సరిపోతుంది. వినిపించే భాగం రెండు నిమిషాలకు మించనవసరం లేదు. విద్యార్థులు ముందుగా ప్రశ్నలు చదువుకునేందుకు సమయం ఇస్తారు. ఆ తరువాత భాగాన్ని రెండుసార్లు వినిపిస్తారు. మొదటిసారి స్థూల సారాంశం, రెండవసారి వివరాలు గ్రహించే వీలుంటుంది.

ఉదాహరణకు, "పాఠశాల గ్రంథాలయం గురువారం మూసి ఉంటుంది. తీసుకున్న పుస్తకాలను శుక్రవారం సాయంత్రం 4 గంటల లోపు తిరిగి ఇవ్వాలి. తొమ్మిదవ తరగతి వారు మాత్రం సోమవారం ఇవ్వవచ్చు" అన్న ప్రకటనను ఆంగ్లంలో వినిపించారనుకుందాం. గ్రంథాలయం ఏ రోజు మూసి ఉంటుందన్నది వివరాన్ని పట్టుకునే ప్రశ్న. పదవ తరగతి విద్యార్థిని ఎప్పటిలోగా పుస్తకం ఇవ్వాలన్నది రెండు వివరాలను కలిపి ఆలోచించే ప్రశ్న. ఈ ప్రకటన ఎవరి కోసం అన్నది ఉద్దేశాన్ని గ్రహించే ప్రశ్న. సమాధానాన్ని ఒక గుర్తుతోనో, ఒక మాటతోనో ఇచ్చేలా ఉండాలి. విన్నదానిని పెద్ద వాక్యాలలో రాయమంటే అది రచనా పరీక్షగా మారిపోతుంది. విని అర్థం చేసుకున్న బాలిక కూడా వర్ణక్రమ దోషాల వల్ల మార్కులు కోల్పోతుంది.

తెలుగు, ఉర్దూ మాతృభాషలుగా గల విద్యార్థులకు వినికిడిలో ఎదురయ్యే ఇబ్బందులు కొన్ని నిర్దిష్టమైనవి. థర్టీన్, థర్టీ అన్న సంఖ్యల మధ్య తేడా ప్రధానంగా ఊనికలో ఉంటుంది. "కెన్" అన్న మాట వాక్యంలో బలహీనంగా, "కాంట్" అన్న మాట బలంగా పలుకుతారు. ఊనికను గమనించని విద్యార్థి "చేయగలను" అన్నదానిని "చేయలేను"గా, "చేయలేను" అన్నదానిని "చేయగలను"గా గ్రహించే ప్రమాదం ఉంది. "వైన్", "వేన్" వంటి మాటల తొలి శబ్దానికి ఆంగ్లంలో రెండు వేర్వేరు ఉచ్చారణలు ఉన్నప్పటికీ, తెలుగులోను ఉర్దూలోను ఆ తేడా పాటించరు. స్కూల్ అన్న పదాన్ని ఉర్దూ మాట్లాడేవారిలో కొందరు "ఇస్కూల్" అనడం, తెలుగువారు హల్లుతో ముగిసే ఆంగ్ల పదాలకు చివర అచ్చు చేర్చి "బుక్కు", "బస్సు" అనడం మనకు నిత్యం వినిపించేవే. ఇవి తప్పులుగా ఎంచి నవ్వవలసినవి కావు. ఏ శబ్దాలపై అదనపు సాధన అవసరమో ఇవి ఉపాధ్యాయునికి తెలియజేస్తాయి.

నిర్వహణలో పరిసరాల పట్ల శ్రద్ధ తప్పనిసరి. పాతబస్తీలో చాలా పాఠశాలలు రద్దీ వీధులను ఆనుకుని ఉంటాయి. ఎత్తైన పైకప్పులు గల పాత భవనాల్లో మాట ప్రతిధ్వనిస్తుంది. వెనుక బెంచీలో కూర్చున్న విద్యార్థినికి వినిపించనప్పుడు, ఆ మార్కు ఆమె నైపుణ్యాన్ని కాక ఆమె కూర్చున్న చోటును సూచిస్తుంది. చిన్న జట్లుగా కూర్చోబెట్టడం, వీధి సందడి తక్కువగా ఉండే ఉదయపు వేళను ఎంచుకోవడం, అసలు పరీక్షకు ముందు ఒక నమూనా వాక్యం వినిపించి అందరికీ వినబడుతోందా అని నిర్ధారించుకోవడం ఖర్చు లేని జాగ్రత్తలు.

పఠన నైపుణ్యం: కొలిచే విధానం

పఠన పరీక్షకు ఎంచుకునే భాగాలు వైవిధ్యంతో ఉండాలి. కథ ఒక్కటే కాకుండా నోటీసు, బస్సుల వేళల పట్టిక, మందు సీసాపై సూచనలు, వార్తా కథనం, సైన్సు పాఠంలోని ఒక పేరా వంటివి చేర్చాలి. నిత్య జీవితంలో ఆంగ్లం ఎదురయ్యేది ఈ రూపాలలోనే. ఒక భాగానికి అడిగే ప్రశ్నలలో సారాంశం గ్రహించడం, నిర్దిష్ట సమాచారం వెతకడం, సందర్భాన్ని బట్టి పదానికి అర్థం చెప్పడం, సర్వనామం ఎవరిని సూచిస్తోందో గుర్తించడం, రచయిత నేరుగా చెప్పనిదానిని ఊహించడం అనే అయిదు రకాలైనా ఉండేలా చూడాలి.

"ఆమె", "అది", "వారు" వంటి సర్వనామాలపై అడిగే చిన్న ప్రశ్న ఎంతో సమాచారం ఇస్తుంది. వాక్యాలను విడివిడిగా చదివే విద్యార్థి ఇక్కడే తడబడుతుంది. భాగంలోని వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాస్తే సరిపోయే ప్రశ్నలు ఎక్కువగా ఉంటే, అర్థం తెలియకపోయినా మార్కులు వస్తాయి. ప్రశ్నలోని పదాలు భాగంలోని పదాలు ఒకటి కాకుండా జాగ్రత్త పడితే ఈ లోపాన్ని చాలావరకు నివారించవచ్చు.

మాధ్యమం మారిన విద్యార్థుల విషయంలో మరొక మార్గం కూడా ఉపయోగపడుతుంది. భాగం ఆంగ్లంలో ఉన్నప్పటికీ, లోప నిర్ధారణ కోసం జరిపే పరీక్షలో సమాధానాన్ని తెలుగులో గాని ఉర్దూలో గాని చెప్పే వీలు కల్పించవచ్చు. అప్పుడు అర్థం కాలేదా, అర్థమైనా ఆంగ్లంలో రాయలేకపోతోందా అన్నది స్పష్టమవుతుంది. ఈ రెండింటికీ చేయవలసిన చికిత్స వేరు.

ఇతర అనుభవాలు

కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి 2012-13 నుంచి ఆంగ్లంలో శ్రవణ, భాషణల మూల్యాంకనాన్ని తొమ్మిదవ తరగతితో మొదలుపెట్టి దశలవారీగా ప్రవేశపెట్టింది. రికార్డు చేసిన భాగాలను వినిపించి సమాధాన పత్రాలు నింపించే పద్ధతిని అనుసరించింది. తరువాతి కాలంలో ఈ మూల్యాంకనం పాఠశాల అంతర్గత మార్కులలో భాగమైంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 జూన్‌లో అమెరికాకు చెందిన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్‌తో ఒప్పందం కుదుర్చుకుని, ప్రభుత్వ పాఠశాలల్లో టోఫెల్ ప్రైమరీ, టోఫెల్ జూనియర్ శిక్షణను చేపట్టింది. ఆనాటి ప్రామాణిక రూపంలో టోఫెల్ జూనియర్ పరీక్షలో శ్రవణావగాహన, భాషా రూపం-అర్థం, పఠనావగాహన అనే మూడు విభాగాలు, ఒక్కొక్క దానిలో 42 ప్రశ్నలు ఉండేవి. ప్రతి విభాగానికి 200 నుంచి 300 వరకు విడిగా స్కోరు ఇచ్చేవారు. 2024 ఏప్రిల్‌లో విద్యార్థులకు పరీక్షలు జరిగాయి. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారిన అనంతరం ఈ కార్యక్రమం కొనసాగలేదు. ఈ ప్రయత్నం మంచిచెడ్డల మీద అభిప్రాయాలు ఎలా ఉన్నా, వినికిడికి, పఠనానికి వేర్వేరు స్కోర్లు ఇవ్వడం సర్కారు బడిలోనూ సాధ్యమేనన్న ఆలోచనను అది ముందుకు తెచ్చింది.

అంతర్జాతీయంగా 2025 పీసా సర్వేలో తొలిసారిగా ఆంగ్లంలో విదేశీ భాషా మూల్యాంకనాన్ని ఐచ్ఛిక అంశంగా చేర్చారు. అందులో పఠనం, శ్రవణం, భాషణం అనే మూడు నైపుణ్యాలను విడివిడిగా పరీక్షించారు. విదేశీ చదువులకు, వలసకు వెళ్లేవారు రాసే ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షలో శ్రవణ విభాగంలో 40 ప్రశ్నలు ఉంటాయి. అక్కడ వినిపించే భాగాన్ని ఒక్కసారే వినిపిస్తారు. ఉపాధి కోసం విదేశాల వైపు చూసే కుటుంబాలు పాతబస్తీలో అనేకం ఉన్నందున ఈ వివరానికి ఇక్కడ ప్రాసంగికత ఉంది.

అన్నింటికన్నా దగ్గరి ఉదాహరణ తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యలోనే ఉంది. 2023-24 విద్యా సంవత్సరంలో ప్రథమ సంవత్సర ఆంగ్లానికి 80 మార్కుల రాత పరీక్షతో పాటు 20 మార్కుల ప్రాక్టికల్ పరీక్షను ప్రవేశపెట్టారు. వినికిడి అవగాహన అందులో ఒక భాగం. హుస్సేనీ ఆలం ఉన్నత పాఠశాల నుంచి అదే పేటలోని జూనియర్ కళాశాలకు వెళ్లే బాలికకు, ఆంగ్లం విని సమాధానం చెప్పమని ఒక పబ్లిక్ పరీక్ష అడగడం అదే మొదటిసారి. పదేళ్ల పాఠశాల చదువులో మార్కుల కోసం ఎన్నడూ అడగని నైపుణ్యాన్ని, పదకొండవ ఏట అడుగుతున్నారు. ఈ ఖాళీని ఎనిమిది, తొమ్మిది తరగతులలోనే పూరించడం సబబు.

ఫలితాల వినియోగం

పరీక్ష జరపడంతో పని పూర్తి కాదు. ప్రతి ప్రశ్నకు ఎంతమంది సరైన సమాధానం ఇచ్చారో లెక్కించాలి. ఉదాహరణకు 40 మంది ఉన్న తరగతిలో ఒక ప్రశ్నకు 30 మంది సరిగ్గా సమాధానమిస్తే దాని సులభతా సూచిక 0.75. 4గురు మాత్రమే సరిగ్గా చెప్పినట్లయితే అది 0.10. అటువంటి సందర్భంలో పాఠం తిరిగి చెప్పాలా, లేక ప్రశ్నే అస్పష్టంగా ఉందా అన్నది పరిశీలించాలి. మొత్తం మీద బాగా రాసినవారు తప్పు చేసి, తక్కువ మార్కులవారు ఒప్పు చేసిన ప్రశ్న ఏదైనా ఉంటే, దోషం ప్రశ్నలోనే ఉండే అవకాశం ఎక్కువ. ఈ లెక్కకు ఒక కాగితం, ఒక పెన్ను చాలు.

ఫలితాలను నమోదు చేసేటప్పుడు శ్రవణానికి ఒక గడి, పఠనానికి ఒక గడి విడిగా ఉండాలి. వినికిడిలో 10కి 3, పఠనంలో 10కి 8 వచ్చిన బాలికకు, వినికిడిలో 8, పఠనంలో 3 వచ్చిన బాలికకు మొత్తం ఒకటే, అంటే 11. మొదటి బాలికకు ఆంగ్లంలో మాటలు వినే అవకాశం పెంచాలి. రెండవ బాలికకు పుస్తకం ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. మొత్తం మార్కును మాత్రమే నమోదు చేస్తే ఇద్దరికీ ఒకే రకమైన అదనపు తరగతి పెట్టి, ఇద్దరికీ మేలు చేయలేకపోతాము.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం వినికిడి లోపం, దృష్టి లోపం గల విద్యార్థులకు తగిన వెసులుబాట్లు కల్పించడం బాధ్యత. వినికిడి లోపం గల విద్యార్థికి శ్రవణ పరీక్షకు ప్రత్యామ్నాయం చూపాలి. అలాగే శ్రవణ పరీక్షలో ఒక బాలిక పదే పదే వెనుకబడుతున్నప్పుడు, భాష రాకపోవడమే కారణమని నిర్ణయించే ముందు చెవి పరీక్ష చేయించడం మంచిది. ఇంతవరకు ఎవరూ గుర్తించని వినికిడి లోపం ఈ విధంగా బయటపడే అవకాశం లేకపోలేదు.

గమనించవలసిన అంశాలు

అధికారులకు: శ్రవణ, పఠన పరీక్షలను మొదట మార్కులతో ముడిపెట్టకుండా, లోప నిర్ధారణకు మాత్రమే జరపడం శ్రేయస్కరం. విద్యా సంవత్సరం ఆరంభంలో ఒకసారి, అర్ధ సంవత్సరంలో ఒకసారి జరిపితే బోధనను సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. మార్చిలో తెలిసిన లోపాన్ని సరిచేసేందుకు ఎవరికీ సమయం ఉండదు. పాఠ్యపుస్తకంలో ఇప్పటికే ఉన్న వినికిడి కృత్యాలను వారానికి ఒక పీరియడు చొప్పున నిర్వహిస్తే అదనపు వ్యయం లేకుండానే సాధన సమకూరుతుంది.

పాత్రికేయులకు: ఆంగ్లంలో ఉత్తీర్ణతా శాతాన్ని ఆంగ్ల సామర్థ్యంగా భావించి రాయకూడదు. సర్వే అంకెలను ఉదహరించేటప్పుడు అది ఏ తరగతికి, ఏ సంవత్సరానికి, గ్రామీణమా పట్టణమా, చదివించి పరీక్షించారా వినిపించి పరీక్షించారా అన్నది పేర్కొనడం అవసరం. ఒక పాఠశాలను, ఒక బస్తీని వెనుకబడినదిగా చిత్రించే శీర్షిక అక్కడి పిల్లల మనసులపై పడుతుందన్నది మరువరాదు.

హుస్సేనీ ఆలంలో ఉన్నత పాఠశాల, జూనియర్ కళాశాల, డిగ్రీ కళాశాల ఒకే పేటలో ఉన్నాయి. ఇక్కడి బాలికకు దూరం అడ్డంకి కాదు. తరగతి గదిలో వినిపించే భాష అర్థమైనప్పుడే ఆమె ఒక ద్వారం నుంచి మరొక ద్వారానికి ధైర్యంగా వెళ్లగలదు. ఆమెకు ఎంత వినిపిస్తోంది, ఎంత అర్థమవుతోంది అని సకాలంలో అడిగి తెలుసుకోవడమే మూల్యాంకనం ప్రధాన ప్రయోజనం.